రొమ్ముపట్టీకి పిడికెడు చోటు

గుర్రం ఎత్తెక్కుతుంటే జీను వెనక్కి జారుతుంది. కంచె దూకబోతూ ముంగాళ్ళు లేపినప్పుడూ అంతే. వీపు ఏటవాలవుతుంది, రౌతు బరువు తోక వైపుకి లాగుతుంది, పొట్ట కిందుగా బిగించిన పట్టీ ఒక్కటే ఆ లాగుడుకు ఎదురు నిలవాల్సి వస్తుంది. అది ఒక్కటీ సరిపోని గుర్రాలకు రొమ్ము మీదుగా ఇంకో కట్టు వేస్తారు. రైడింగ్ క్లబ్బుల్లో దాన్ని బ్రెస్ట్‌ప్లేట్ అంటారు. మనం రొమ్ముపట్టీ అనుకుందాం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో భారత రౌతు ఫవాద్ మీర్జా సెన్యోర్ మెడికాట్ అనే గుర్రం మీద, మూడు రకాల స్వారీ పోటీలు కలిసిన ఈవెంటింగ్‌లో ఫైనల్ దాకా వెళ్ళి 23వ స్థానంలో నిలిచాడు. ఆ పోటీల్లో దుంగలూ నీటి మడుగులూ దాటే క్రాస్‌కంట్రీ రోజున టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు గుర్రాల మెడ మొదట్లో కనిపించిన తోలుపట్టీలు గుర్తుండవచ్చు. అంత దూరం వెళ్ళక్కర్లేదు. హైదరాబాదు పోలీసు గుర్రాలు, జాతీయ పోలీసు అకాడమీలో కొత్త ఐపీఎస్ అధికారులు స్వారీ నేర్చుకునే గుర్రాలు, నగరం చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్ళ గుర్రాలు, పాడేరు వైపు రోడ్డు పడని కొండ గూడేలకు సరుకులు మోసే గుర్రాలు, అన్నిటి సంగతీ ఒకటే: వీపు మీది బరువు జారకూడదు, జారకుండా ఆపే కట్టు గుర్రాన్ని బాధపెట్టకూడదు.

జీను జారిన మర్నాడు చాలామంది చేసే పని రొమ్ముపట్టీని ఇంకో బెజ్జం బిగించడం. జారేదాన్ని గట్టిగా కడితే జారదన్నది మన చేతులకు అలవాటైన లెక్క. గడ్డిమోపుకీ, బండి మీది బస్తాకీ ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే అవి కదలవు, ఊపిరి పీల్చవు. గుర్రం రెండూ చేస్తుంది. ఈ వ్యాసం చెప్పదలుచుకున్న మాట ఇదే: సరిగా అమర్చిన రొమ్ముపట్టీ స్వారీలో ఎక్కువసేపు ఏ పనీ చేయకుండా ఊరికే ఉండాలి. జీను తన చోటు నుంచి నిజంగా కదిలిన ఆ కాస్త క్షణమే అది బిగిసి పట్టుకోవాలి, గుర్రం నేల మీద నిలదొక్కుకోగానే మళ్ళీ వదులైపోవాలి. నిలబడి ఉన్న గుర్రం మీద అది బిగుతుగా కనిపిస్తోందంటే, గుర్రం కదలడం మొదలెట్టకముందే దాని మీద మనం ఒక అడ్డు వేసినట్టు. ఇది తోలుసామాను గురించిన చిన్న సంగతిలా కనిపించవచ్చు కానీ, నోరు లేని జీవి రోజూ భరించే సంగతి కాబట్టి దీన్ని తీరిగ్గా చూడాల్సిందే.

ముందు వస్తువు ఎలా ఉంటుందో తెలియాలి. ఎక్కువ వాడుకలో ఉన్నది హంటింగ్ బ్రెస్ట్‌ప్లేట్. మెడ మొదలు చుట్టూ కంఠాభరణంలా పడే తోలుపట్టీ, రొమ్ము నడుమ ఒక ఇనుప రింగు, ఆ రింగు నుంచి ముంగాళ్ళ మధ్యగా వెళ్ళి గర్త్‌కి తగిలే పట్టీ ఒకటి, పైన జీనుకు రెండు వైపులా కలిపే చిన్న పట్టీలు రెండు. గర్త్ అంటే జీనును పొట్ట కింద నుంచి పట్టి ఉంచే వెడల్పాటి పట్టీ. రెండో రకం రొమ్ముకు అడ్డంగా ఒకే పట్టీగా వచ్చి రెండు వైపులా గర్త్ బకిళ్ళ దగ్గర ముడిపడేది. కిందికి జారిపోకుండా మూపు మీదుగా సన్నటి పట్టీ ఒకటి దాన్ని పట్టుకుంటుంది. పోలో, రేసు గుర్రాల మీద కనిపించేది ఎక్కువగా ఇదే. మూడోది అయిదు చోట్ల కలిసేది, ఈవెంటింగ్‌లో వాడేది. జీను ముందు భాగానికి రెండు, గర్త్ పక్కలకు రెండు, ముంగాళ్ళ మధ్య ఒకటి. అమెరికా పశువుల కాపర్ల బరువైన జీన్లకు వాడేవి ఇంకా వెడల్పుగా, దళసరిగా ఉంటాయి. ఆకారాలు వేరైనా ఇవన్నీ గుర్రం ఒంటి మీద ఒకే ఇరుకు చోటు గుండా పోవాలి. కష్టమంతా ఆ చోటు దగ్గరే.

గుర్రం ఒళ్ళును అంగం అంగంగా పరికించడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. మనుమంచి భట్టు హయలక్షణ విలాసము పేరుతో గుర్రాల మీదే ఒక పద్య గ్రంథం రాశాడు. అంత ఓపికగా రొమ్ము భాగాన్ని చూస్తే ముందు తెలిసేది, అక్కడ మనకున్న ఒక ఎముక గుర్రానికి లేదని. మన మెడ కింద అడ్డంగా చేతికి తగిలే జత్రుక ఎముక గుర్రానికి ఉండదు. దాని ముంగాళ్ళను మొండేనికి కలిపే కీలు ఏదీ లేదు. రెండు ముంగాళ్ళ మధ్య మొండెం అంతా కండరాల ఊయలలో వేలాడుతూ ఉంటుంది. అందువల్ల భుజపు పలక ఎముక పక్కటెముకల మీద స్వేచ్ఛగా జారుతుంది. ముంగాలు ముందుకు చాచినప్పుడు ఆ పలక కింది మొన ముందుకూ పైకీ వస్తుంది, పై అంచు వెనక్కీ కిందికీ పోతుంది. పట్టీ కట్టేవాళ్ళకు ఈ ఒక్క కదలిక అర్థమైతే సగం పని అయిపోయినట్టే. నిలబడ్డ గుర్రంలో భుజం మొనకు రెండు వేళ్ళ దూరంలో ఉన్నట్టు కనిపించే పట్టీ, దౌడులో ప్రతి అంగకూ ఆ మొనకు ఎదురు తగలవచ్చు. తగిలిన ప్రతిసారీ గుర్రం అంగ కొద్దిగా కురచ అవుతుంది. రౌతుకు అది బద్ధకంలా అనిపించి మడమతో పొడుస్తాడు. గుర్రం ఒక పక్క పట్టీని, ఇంకో పక్క మడమను భరించాలి.

భుజాల నడుమ, మెడ మొదట్లో శ్వాసనాళం ఉంటుంది. చేత్తో తడిమితే ఉంగరాలు పేర్చిన గొట్టంలా వేళ్ళకు తెలుస్తుంది. గుర్రం ముక్కుతోనే గాలి పీలుస్తుంది, మనలా నోటితో పీల్చలేదు. దౌడులో ఉన్నప్పుడు దాని శ్వాస అంగకు ముడిపడి ఉంటుంది, ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి. అంటే నిమిషానికి నూరు సార్లకు పైగా. పెద్ద స్థాయి ఈవెంటింగ్‌లో క్రాస్‌కంట్రీ వేగం నిమిషానికి 570 మీటర్లుగా నిర్దేశిస్తారు. గంటకు 34 కిలోమీటర్లు దాటిన ఆ వేగంలో కంచెలు దూకుతూ పోయే గుర్రానికి ఊపిరిని దాచుకునే వీలు లేదు. రొమ్ముకు అడ్డంగా కట్టే రకం పట్టీ ఓ నాలుగు వేళ్ళు పైకి జరిగితే నేరుగా ఈ గొట్టం మీదికే వస్తుంది. నాలుగు వేళ్ళు కిందికి జరిగితే భుజం మొనల మీద పడుతుంది. మధ్యలో మిగిలిన చోటు గుర్రాన్ని బట్టి ఒక జానెడు ఉంటే గొప్ప.

ఇప్పుడు కట్టే పద్ధతి. మొదట జీనును దాని చోట నిలబెట్టాలి. మూపు మీద కాస్త ముందుగా పెట్టి, వెంట్రుకలు పడుకున్న దిశలోనే వెనక్కి జరిపి, భుజపు పలక వెనక కుదురుగా కూర్చోనివ్వాలి. జీను ముందుకొచ్చి పలక మీద కూర్చుంటే అది వెనక్కి జారక మానదు. దాన్ని రొమ్ముపట్టీతో ఆపబోవడం గుర్రాన్ని రెండు వైపుల నుంచీ నొక్కడమే. గర్త్ బిగించాకే రొమ్ముపట్టీని జీనుకు కలపాలి, విప్పేటప్పుడు దాన్నే ముందు విప్పాలి. గర్త్ ఊడదీసిన జీను ఒక్క రొమ్ముపట్టీకి వేలాడుతుండగా గుర్రం బెదిరిందంటే జీను పొట్ట కిందికి పోతుంది, ఆ తర్వాత గుర్రాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. హంటింగ్ రకమైతే రొమ్ము నడుమ రింగు దగ్గర పిడికిలి పట్టే చోటు ఉండాలి. ముంగాళ్ళ మధ్య పట్టీకి, చర్మానికి నడుమ అరచేయి నిలువుగా దూరాలి. మూపు పైన వెళ్ళే భాగం కింద నాలుగు వేళ్ళు తేలిగ్గా ఆడాలి. అడ్డపట్టీ రకమైతే శ్వాసనాళం మొదటికి కిందుగా, భుజం మొనలకు పైగా నేలకు సమాంతరంగా ఉండాలి, దాని కింద అరచేయి ఒక చివర నుంచి రెండో చివర దాకా ఎక్కడా ఆగకుండా జారాలి. పట్టీ కింద చర్మం మడత పడి ఉంటే, గుర్రాన్ని చూసుకునే సైసు ముంగాలిని మోకాలి దగ్గర పట్టుకుని మెల్లగా ముందుకు లాగుతాడు. మడత విప్పుకుంటుంది, చిక్కుకున్న వెంట్రుకలు సర్దుకుంటాయి. ఆ లాగిన స్థితిలోనే రెండో చేయి పట్టీ కింద పెట్టి చూడాలి. కాలు నేల మీద ఉన్నప్పుడు తేలిగ్గా ఆడిన చేయి కాలు చాచగానే పట్టీకీ ఎముకకూ మధ్య నలిగిందంటే, గుర్రం ప్రతి అడుగుకూ ఏం భరించబోతోందో ఆ చేతికే తెలిసిపోతుంది.

పిడికిలి కొలత, నాలుగు వేళ్ళ కొలత మొదలుపెట్టడానికి మాత్రమే. పధ్నాలుగేళ్ళ పిల్ల పిడికిలి వేరు, పొలం పని చేసిన మనిషి పిడికిలి వేరు. మార్వాడీ గుర్రం సన్నటి రొమ్ము వేరు, యూరప్ నుంచి వచ్చిన వార్మ్‌బ్లడ్ గుర్రం రొమ్ము వేరు. కొలత సరిపోయాక గుర్రాన్ని కదిలించి చూడటమే అసలు పరీక్ష. తల దించి నేల వాసన చూడనివ్వాలి. హంటింగ్ రకంలో ఈ భంగిమలోనే మెడ మొదలు ముందుకు ఒరిగి పట్టీ మూపు దగ్గర లాగుతుంది. తల పైకెత్తించి చూడాలి, ఇప్పుడు రింగు పైకి పాకి గొంతు దగ్గరికి రాకూడదు. రెండు పక్కలకూ చిన్న చుట్లు తిప్పాలి. ఎవరైనా ఎక్కి దౌడు తీస్తుండగా పక్క నుంచి ఇంకొకరు చూడాలి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపించి చూడాలి. దూకే గుర్రమైతే కంచె మీద ఉన్న క్షణం చూడాలి. మెడ బారుగా సాగి, భుజాలు పైకి లేచి, కాళ్ళు మడిచి ఉన్న ఆ భంగిమలో గుర్రం ముందు భాగం నిలబడ్డప్పటి ఆకారంలో ఉండదు. నిలబడి ఉన్న గుర్రానికి అందంగా అతికినట్టు కట్టిన పట్టీ ఆ క్షణంలో దాని మెడనూ భుజాన్నీ ఒకేసారి వెనక్కి గుంజుతుంది. దూకడానికి గుర్రం వెనకాడిందనీ, మెడ చాచకుండా పొట్టిగా దూకిందనీ అంటున్నప్పుడు ఎవరూ పట్టీ వైపు చూడరు, ఎందుకంటే నేల మీదికి దిగేసరికి అది మళ్ళీ బాగానే కనిపిస్తుంది.

కంటికి బాగా కనిపించినంత మాత్రాన బాగున్నట్టు కాదని చెప్పడానికి ఇదే సామానులోని పక్క వస్తువు మీద జరిగిన పరిశోధన ఒకటి గట్టి ఆధారం. 2013లో ద వెటర్నరీ జర్నల్‌లో వచ్చిన ఆ అధ్యయనంలో బ్రిటన్ పరిశోధకులు గర్త్ కింద ఒత్తిడి కొలిచే పలచటి చాపను పెట్టి, కదులుతున్న గుర్రాల మీద కొలతలు తీశారు. గర్త్ ఒత్తిడి అంతా రొమ్ము ఎముక కింద, నడి మధ్యలో పడుతుందని ఎక్కువమంది అనుకునేవారు. మెత్తటి దిండ్లు కుట్టేదీ అక్కడే. తీరా కొలిస్తే ఎక్కువ ఒత్తిడి మోచేతుల వెనక పడుతోంది. ఆ చోటు తప్పించేలా గర్త్ ఆకారం మార్చగానే గుర్రాల ముంగాళ్ళు మరింత ముందుకు సాగాయి, కీళ్ళు మరింత ముడుచుకున్నాయి. ఆ గుర్రాలు అంతకుముందు కుంటలేదు, ఎదురు తిరగలేదు. వాటి అంగ కాస్త కురచగా ఉండేది, అంతే. అదే వాటి సహజమైన అంగ అని అందరూ అనుకున్నారు. రొమ్ముపట్టీ గర్త్‌కన్నా ముందు, కాళ్ళకు ఇంకా ఎదురుగా ఉంటుంది. గర్త్ దగ్గర అంత తేడా వస్తే దీని దగ్గర ఏమీ రాదని ఎలా అనుకోగలం? గుర్రం ఫిర్యాదు చేయలేదన్నది ఇక్కడ సాక్ష్యంగా చెల్లదు.

ఇంత వదులుగా ఉంచితే ప్రమాదం కాదా అని అనుభవమున్న రౌతులే అడుగుతారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందనే సామెత మనకు ఉండనే ఉంది, సామాను విషయంలోనూ మెతకదనం పనికిరాదన్నది వాళ్ళ భయం. ఆ భయంలో నిజముంది. ముంగాళ్ళ మధ్య పట్టీ కిందికి వేలాడుతుంటే కంచె మీద మడిచిన కాలి గిట్ట అందులో దూరవచ్చు. దూరిందంటే గుర్రమూ రౌతూ ఇద్దరూ బోర్లా పడతారు. కొమ్మలూ పొదలూ ఉన్న దారిలో వేలాడే పట్టీకి ఏదో ఒకటి తగులుకుంటుంది. మేత దగ్గర వంగినప్పుడు గుర్రం తన పట్టీలోనే కాలు పెట్టుకోగలదు. కనుక వదులుకు పై హద్దు ఉంది, అది కచ్చితమైన హద్దు: ఎక్కడా పట్టీ వంపు తిరిగి వేలాడకూడదు, గుర్రం ఒంటి వెంబడే ఉండాలి. ఒక అరచేయి పట్టే చోటుకీ వేలాడే ఉచ్చుకీ మధ్య చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టుకోలేక భయంతో రెండో చివరకు పోయి బిగించేసేవాళ్ళే ఎక్కువ. ఇక్కడ బిగించి కట్టడం సులువు, సరైన వదులు కనిపెట్టడమే కష్టం. మూడు నాలుగు చోట్ల బకిళ్ళున్న పట్టీని ఒక చోట వదిలితే ఇంకో చోట లాగుతుంది. గర్త్ వైపు ఒక బెజ్జం, జీను వైపు ఒక బెజ్జం మార్చుకుంటూ రింగు రొమ్ము నడుమ నిలిచేదాకా సర్దడానికి పది నిమిషాలు పట్టవచ్చు. సైసులకు ఆ పది నిమిషాలు ఇవ్వని చోట గుర్రాలకు పుండ్లు పడుతూనే ఉంటాయి.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. జట్కా గుర్రం రోజంతా రొమ్ము ఆనించి బండి లాగేది కదా, ఊళ్ళల్లో తరాల తరబడి అదే చూశాం కదా, అంత బరువు లాగిన రొమ్ముకు ఒక తోలుపట్టీ బిగువు లెక్కా అని. దీనికి జవాబు చరిత్రలో జరిగిన ఒక పాత వాదంలో దొరుకుతుంది. ఫ్రెంచి అశ్వికదళ అధికారి లెఫెవ్ర్ దె నోయెత్ 1924లో, మళ్ళీ 1931లో అచ్చువేసిన పుస్తకాల్లో, ప్రాచీన గ్రీకు రోమను బళ్ళకు కట్టిన గుర్రాలు బరువు లాగలేకపోయాయనీ, మెడకు వేసిన పట్టీ లాగే కొద్దీ వాటి గొంతు నొక్కేసేదనీ వాదించాడు. చాలా ఏళ్ళు అందరూ దాన్నే నమ్మారు. తర్వాత జాన్ స్ప్రూయిట్ అనే మరో ఫ్రెంచి పరిశోధకుడు పాత శిల్పాల్లో, చిత్రాల్లో ఉన్న తీరునే జాగ్రత్తగా చూసి అచ్చం అలాంటి సామాను చేయించి, నిజమైన గుర్రాలకు కట్టి లాగించి చూశాడు. 1977లో ఫలితాలు ప్రచురించాడు. పట్టీని దాని అసలు చోట కడితే గొంతు నొక్కుకోలేదు. లెఫెవ్ర్ పరీక్షలో రెండు వేర్వేరు పద్ధతుల భాగాలు కలగలిసిపోయి పట్టీ గొంతు మీదికి పాకింది. అదే గుర్రం, ఇంచుమించు అదే పట్టీ, చోటు మారేసరికి ఊపిరాడటమూ ఆడకపోవడమూ తేలింది. జట్కా గుర్రం లాగగలిగిందంటే దాని పట్టీ వెడల్పుగా, తగిన ఎత్తులో, లాగే దిశకు తిన్నగా ఉండటం వల్ల. పైగా అది నడకలోనో చిన్న పరుగులోనో లాగేది, వీపున రౌతుతో కంచెలు దూకేది కాదు. సరిగ్గా పడని జట్కా పట్టీ కింద పుండ్లు పడటం, కాడి ఒరుపుకు ఎద్దు మెడ పుండవటం చూడని ఊరు లేదు. బరువును భరించగలిగే చోటు ఒకటుందన్నదానికి జట్కా సాక్ష్యమే. ఎక్కడైనా, ఎలాగైనా భరిస్తుందన్నదానికి మాత్రం సాక్ష్యం కాదు.

వదులుగా కడితే మా గుర్రానికి జీను జారిపోతోంది అనేవాళ్ళతో మాట్లాడాల్సింది రొమ్ముపట్టీ గురించి కాదు, జీను గురించి. జీను జారడానికి గుర్రం ఆకారం ఒక కారణం. బాగా శిక్షణ పొందిన థరోబ్రెడ్ గుర్రాల పొట్ట వెనక్కి పోయే కొద్దీ పైకి లాక్కుపోయినట్టు సన్నబడుతుంది. గర్త్ ఎప్పుడూ సన్నటి చోటును వెతుక్కుంటుంది కనుక వెనక్కి పాకుతుంది, జీనునూ వెంట తీసుకుపోతుంది. ఇలాంటి గుర్రానికి రొమ్ముపట్టీ న్యాయంగా అవసరం. గుండ్రటి పొట్ట, పెద్దగా ఎత్తులేని మూపు ఉన్న పొట్టి గుర్రాల సంగతి దీనికి తలకిందులు, వాటికి జీను మెడ మీదికి వస్తుంది. దానికి రొమ్ముపట్టీ ఏ సాయమూ చేయదు. తోక కిందుగా వెళ్ళి జీనును వెనక నుంచి పట్టే దుమ్చీ కావాలి. ఒక పక్కకు దొర్లే జీనునూ రొమ్ముపట్టీ నిలబెట్టలేదు. అలా దొర్లుతుంటే రౌతు ఒక రికాబు మీద ఎక్కువ బరువు వేస్తుండవచ్చు, జీను లోపలి చట్రం గుర్రం వీపుకు సరిపడకపోయి ఉండవచ్చు, లేదా గుర్రానికి వెనక కాలిలో నొప్పి ఉండవచ్చు. ఈ మూడో దాన్ని పట్టీ బిగించి కప్పేస్తే జబ్బును కప్పినట్టే. అందుకే జీను ఎటు జారుతోందో, ఎందుకు జారుతోందో పట్టీ లేకుండా ఒకసారి చూసి తెలుసుకున్నాకే పట్టీ కొనాలి. దుకాణంలో అది చవగ్గా దొరుకుతుంది, జీను మరమ్మతు ఖరీదెక్కువ. చాలా గుర్రాల రొమ్ము మీద పట్టీ పడటానికి కారణం ఈ ధరల తేడా అయి ఉంటుందని నా అనుమానం.

ఎలాస్టిక్ కలిపిన కొత్త పట్టీలు వచ్చాక ఈ గొడవ తీరిపోయిందని అమ్మేవాళ్ళు చెబుతారు. సాగే పట్టీ భుజానికి దారి ఇస్తుందన్నది నిజమే, కంచె మీద మెడ సాగినప్పుడు ఉపయోగమూ ఉంది. అయితే సాగే గుణం ఉందని మనిషి దాన్ని మొదటి నుంచే సాగదీసి కడతాడు. అప్పుడది ప్రతి అంగలోనూ కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూనే ఉంటుంది. తోలుపట్టీ తప్పుగా కడితే ఒక్క చోట గట్టిగా తగిలి పుండు రూపంలో బయటపడేది. ఎలాస్టిక్ తప్పు పుండు చేయకుండా లోలోపలే సాగుతుంది. వాడకంతో పట్టు తగ్గి సాగిపోయిన ఎలాస్టిక్ ఇంకో చిక్కు, అవసరమైన క్షణంలో ఆపలేదు. వదులు కొలత ఎలాస్టిక్‌కూ అదే. ఇక పట్టీని జీనుకు దేనికి కలుపుతున్నామన్నది కూడా చూసుకోవాలి. చాలా ఇంగ్లీషు జీన్లకు ముందున్న చిన్న రింగులు తేలికపాటి సామాను తగిలించుకోవడానికి పెట్టినవి, పలచటి తోలుతోనే అతికి ఉంటాయి. పెద్ద కంచె దగ్గర రౌతు బరువంతా వాటి మీద పడితే ఊడివస్తాయి. గట్టి పని చేయించదలచినప్పుడు లోపలి చట్రానికి కుట్టిన గర్త్ పట్టీలకే కలపడం మేలు. గుర్రం తల మరీ ఎత్తకుండా ఆపే మార్టింగేల్ పట్టీ తగిలించేవాళ్ళు రింగుకు అది వేసే అదనపు లాగుడును కూడా లెక్కలోకి తీసుకుని, కళ్ళెం కట్టాక రొమ్ము దగ్గర పిడికిలి చోటు మిగిలిందో లేదో మళ్ళీ చూసుకోవాలి.

స్వారీ అయ్యాక పట్టీ తీసిన చోటును చూడటం కట్టడమంత ముఖ్యం. చెమట పట్టిన గుర్రం రొమ్ము మీద పట్టీ ఉన్నంత మేర తడి ఒకేలా ఉంటే సంతోషం. తడి మధ్యలో అరచేయంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట కూడా పట్టలేదన్నమాట. వెంట్రుకలు వాలు తప్పి నిక్కబొడుచుకున్నా, మొదళ్ళు తెగి కురచ అయినా పట్టీ అక్కడ రాసుకుంటోంది. రెండు ముంగాళ్ళ మధ్య చర్మం పలచన, మట్టీ ఉప్పూ పేరుకునేది అక్కడే, సైసు వేళ్ళు మొదట వెళ్ళాల్సిందీ అక్కడికే. వేలితో నొక్కినప్పుడు గుర్రం చర్మం విదిల్చినా, చెవులు వెనక్కి పెట్టినా మర్నాటి స్వారీకి ఆ పట్టీ వద్దు. పాత గుర్రాల రొమ్ము మీద, మూపు మీద అక్కడక్కడా కనిపించే తెల్ల వెంట్రుకల గీతలు ఎప్పటివో ఒత్తిళ్ళ గుర్తులు. ఆ చోట చర్మం కోలుకున్నా రంగు తిరిగి రాదు. గొర్రెబొచ్చు తొడుగులు వేస్తే రాపిడి తగ్గుతుంది, కానీ తొడుగు దళసరి పట్టీ కింది చోటును కొంత మింగేస్తుంది. తొడుగు వేసిన రోజున కొలత కూడా మళ్ళీ తీయాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయే సంగతి గుర్రం ఒకే ఆకారంలో ఉండదని. ఎండాకాలం సెలవుల్లో మేత తిని, పని లేక గుండ్రంగా తయారైన గుర్రం రెండు నెలల శిక్షణలో మెడ కండ పట్టి, పొట్ట లోపలికి పోయి వేరే గుర్రంలా కనిపిస్తుంది. కుర్ర గుర్రమైతే భుజాలు ఏడాదికేడాది వెడల్పవుతాయి. పట్టీ మాత్రం ఎవరో ఎప్పుడో పెట్టిన బెజ్జం దగ్గరే ఉంటుంది. తోలు ఆ సంగతి దాచుకోదు. బకిల్ నెలల తరబడి ఒక్క చోటే ఆనితే అక్కడ నల్లటి లోతైన గాడి పడుతుంది, దానికి రెండు పక్కలా ఉన్న బెజ్జాలు కొత్తవాటిలా గుండ్రంగా మిగిలి ఉంటాయి. సామానుగదిలో మేకుకు వేలాడే పట్టీని చేతిలోకి తీసుకుని ఆ గాడి ఒక్కటే ఉందో, పక్క బెజ్జాల దగ్గర కూడా లేత ముద్రలు ఉన్నాయో చూస్తే, ఈ ఏడాదిలో ఆ గుర్రం రొమ్ము దగ్గర ఎవరైనా చేయి పెట్టి చూశారో లేదో తెలిసిపోతుంది.